ఇసుక రేణువుకు కట్టిన ఎంజైము

పోయిన ఏడాది మా పదో తరగతి పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేయించాను. మూడు గాజు గ్లాసులు తీసుకొన్నాం. పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మూడింటిలోనూ రెండు వేళ్ళ ఎత్తున పోశాం. మొదటి గ్లాసులో పచ్చి బంగాళాదుంప ముక్క వేశాం. రెండో గ్లాసులో ఉడికించిన ముక్క వేశాం. మూడో గ్లాసులో, బంగాళాదుంపను కోరి గుడ్డలో వేసి పిండిన రసం ఒక చెంచాడు పోశాం.

పచ్చి ముక్క చుట్టూ బుడగలు లేచి తెల్లని నురగ కట్టింది. రసం పోసిన గ్లాసులో నురగ ఇంకా జోరుగా పొంగింది. ఉడికించిన ముక్క మాత్రం ఉలకలేదు, పలకలేదు.

కారణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బంగాళాదుంప కణాల్లో కెటలేజ్ అనే ఎంజైము ఉంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజనే మనం చూసిన నురగ. ఎంజైము ఒక ఉత్ప్రేరకం. అంటే చర్యను వేగంగా జరిపిస్తుంది గాని, తాను ఆ చర్యలో ఖర్చయిపోదు. కెటలేజ్ అణువు ఒక్కటే సెకనుకు లక్షలకొద్దీ పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు. అయితే ఎంజైము ఒక మాంసకృత్తి. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టినట్టే ఇది కూడా వేడికి ఆకారం కోల్పోతుంది. ఆకారం పోతే పనీ పోతుంది. ఉడికిన ముక్క ఊరుకున్నది అందుకే.

ఇంతవరకు ఏటా చెప్పే పాఠమే. కాని ఆ రోజు వెనక బల్లలో కూర్చునే ఒక అమ్మాయి పచ్చి ముక్కను గ్లాసులోంచి తీసి, నీళ్ళతో కడిగి, కొత్త పెరాక్సైడ్‌లో వేసింది. మళ్ళీ నురగ వచ్చింది. మూడోసారీ వచ్చింది, నాలుగోసారీ వచ్చింది. కాకపోతే ప్రతిసారీ కొంచెం తగ్గుతూ వచ్చింది. అప్పుడామె అడిగింది: "మాస్టారూ, ముక్కనైతే తీసి మళ్ళీ వాడుకున్నాం. మరి రసాన్ని ఎలా తీయడం?"

ఇన్నేళ్ళుగా ఈ ప్రయోగం చేయిస్తున్నాను గాని ఈ ప్రశ్న నాకు తట్టలేదు. చిన్నదిగా కనిపించే ఆ ప్రశ్న చుట్టూ ఒక పెద్ద పరిశ్రమే నడుస్తోంది. ఆ కథే ఈ వ్యాసం.

పనివాడు లోపలే ఉన్నాడు

మూడో గ్లాసులో నురగ అణగిపోయాక, అందులోనే ఇంకొంచెం పెరాక్సైడ్ పోసి చూశాం. మళ్ళీ పొంగింది. అంటే ఎంజైము లోపలే ఉంది, పని చేయడానికి సిద్ధంగానూ ఉంది. కాని దాన్ని బయటికి తీసేదెలా?

వడపోత కాగితంతో వడకడదామా? ఎంజైము అణువు పరిమాణం కొద్ది నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు. వడపోత కాగితం రంధ్రాలు దానికి సింహద్వారాల వంటివి. పోనీ, ఉప్పునీటిని మరిగించి ఉప్పును తీసినట్టు నీటిని ఆవిరి చేద్దామా? ఉడికించిన ముక్కకు పట్టిన గతే పడుతుంది. ఎంజైము నీటిలో కరిగిందంటే, మన దగ్గరున్న మామూలు ఉపాయాలేవీ పనికిరావన్నమాట.

ఇదే చర్యకు ప్రయోగశాలలో మాంగనీస్ డయాక్సైడ్ అనే నల్లని పొడిని కూడా వాడతాం కదా! అది నీటిలో కరగదు. పని అయిపోయాక వడకట్టి, కడిగి, ఆరబెట్టి, మరుసటి ఏడాది పిల్లలకు దాచిపెట్టుకోవచ్చు. ఎంజైము ఎంత నేర్పరి అయినా ఈ ఒక్క విషయంలో ఆ నల్లపొడి ముందు తీసికట్టే.

ప్రయోగశాలలో ఒక చెంచాడు రసం పోతే పోయిందనుకోవచ్చు. ఫ్యాక్టరీలో అలా కుదరదు. ఎంజైమును తయారుచేసి శుద్ధి చేయడానికి చాలా ఖర్చవుతుంది. ప్రతి విడతకూ దాన్ని పారబోయడం ఒక నష్టం. తయారైన సరుకులో అది కలిసిపోయి ఉండడం మరో నష్టం. దాన్ని తొలగించడం వేరే పని. మరి ఎంజైమును ఆ నల్లపొడిలా మార్చడం ఎలా? కరగని గింజకు దాన్ని కట్టేస్తే సరి!

బొగ్గు నేర్పిన పాఠం

అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1916లో ఒక చిత్రమైన సంగతి గమనించారు. చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైమును వారు బొగ్గుపొడికి పట్టించారు. బొగ్గుకు అంటుకొన్న తర్వాత కూడా ఆ ఎంజైము చక్కెరను విడగొడుతూనే ఉంది. కట్టేసినా పని మానలేదు!

ఎంజైమంటే ఏమిటో అప్పటికి స్పష్టంగా తెలియదు. అది మాంసకృత్తి అని 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ చూపించాడు. యూరియాను విడగొట్టే యూరియేజ్ అనే ఎంజైమును చిక్కుడు జాతికి చెందిన ఒక గింజ నుంచి స్ఫటికాలుగా వేరుచేశాడు. ఇందుకు 1946లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

కట్టేసిన ఎంజైములు ఫ్యాక్టరీకి చేరడానికి మాత్రం 1969 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది జపానులో తనబే సెయియాకు అనే మందుల కంపెనీలో ఇచిరో చిబాటా బృందం అమైనో ఆమ్లాల తయారీలో వాటిని మొదటిసారిగా వాడింది. వీరు ఎంజైమును ఒక సేంద్రియ పదార్థపు పూసలకు పట్టించారు. అదే ఏడాది అమెరికాలోని కార్నింగ్ గాజు కంపెనీలో హోవర్డ్ వీటాల్ వేరే దారి తొక్కాడు. బొప్పాయి పాలలో ఉండే పపేన్‌నూ, జీర్ణరసంలో ఉండే ట్రిప్సిన్‌నూ సూక్ష్మ రంధ్రాలున్న గాజుకు రసాయన బంధాలతో బిగించాడు.

గాజులో ప్రధాన భాగం సిలికా. అంటే మన వాగులో ఇసుకే!

ఇసుకే ఎందుకు?

సిలికాలో ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ప్రతి ఆక్సిజన్ ఇద్దరు సిలికాన్ల చేతులు పట్టుకొని నిలుస్తుంది. ఈ అల్లిక అన్ని దిక్కులకూ సాగుతుంది. కాని గింజ ఉపరితలం దగ్గర ఏమవుతుంది? అక్కడి ఆక్సిజన్‌కు ఒక వైపు పట్టుకోవడానికి సిలికాన్ దొరకదు. అది ఒక హైడ్రోజన్‌ను పట్టుకొని సరిపెట్టుకొంటుంది. ఇలా సిలికా ఉపరితలమంతటా హైడ్రాక్సిల్ సమూహాలు పైకి తేలి ఉంటాయి. బాగా తడిసిన సిలికా మీద ఒక చదరపు నానోమీటరుకు ఇవి సుమారు 5 ఉంటాయి. గోడ నిండా కొక్కేలు దిగ్గొట్టినట్టు ఊహించుకోండి. మనం ఏదైనా తగిలించడానికి అవే ఆధారం.

మరో సుగుణం కూడా ఉంది. సిలికా గట్టిది. నీటిలో ఉబ్బదు, పైన బరువు పడితే నలగదు, సూక్ష్మజీవులు దాన్ని తినవు. పొడవాటి గొట్టంలో నింపి పైనుంచి ద్రవాన్ని పోస్తే సాఫీగా దిగుతుంది.

అయితే వాగులో ఇసుక రేణువును యథాతథంగా వాడలేం. అది లోపలంతా గట్టి. పైపొర మీద చోటు బహు తక్కువ. కొత్త జోళ్ళ డబ్బాలో చిన్న పొట్లంలో వచ్చే సిలికా జెల్ గింజలు చూశారు కదా! అవీ సిలికాయే. కాని వాటి నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల గోడలన్నీ పరచి కొలిస్తే ఒక్క గ్రాముకే సుమారు 500 చదరపు మీటర్లు, రకాన్ని బట్టి అంతకంటే ఎక్కువ కూడా, ఉపరితలం తేలుతుంది. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. లెక్క కట్టి చూడండి: చెంచాలో సగం కూడా నిండని గింజల్లో దాదాపు నాలుగు కబడ్డీ కోర్టులు మడతపెట్టి ఉన్నాయన్నమాట!

కట్టే పద్ధతులు రెండు

మొదటిది అంటించడం. మామూలు నీటిలో సిలికా ఉపరితలం కొంత హైడ్రోజన్‌ను వదిలి ఋణావేశం పొందుతుంది. ఎంజైము మీద ధనావేశం ఉన్న చోట్లు ఉంటే అవి ఆకర్షణకు లోనై దానికి అంటుకొంటాయి. పని చాలా సులువు: ఎంజైము ద్రావణంలో సిలికాను వేసి కలపడమే. ఖర్చు తక్కువ, ఎంజైముకు బాధా తక్కువే. కాని పట్టు గట్టిది కాదు. నీటిలో ఉప్పు పెరిగినా, ఆమ్లత్వం మారినా ఎంజైము జారిపోతుంది. మా తరగతిలో ముక్కను కడిగిన కొద్దీ నురగ తగ్గడానికి ఒక కారణం ఇటువంటిదే: కోసిన కణాల్లోని ఎంజైము కడిగిన నీళ్ళతో కొంత కొంత పోతోంది. పట్టుకొని ఉన్నట్టే ఉండి పోవడమన్నమాట.

రెండోది బిగించడం. ఇక్కడ రసాయన బంధం కావాలి. సిలికాకూ ఎంజైముకూ నేరుగా పొత్తు కుదరదు, మధ్యవర్తులు కావాలి. మొదటి మధ్యవర్తి సిలేన్ జాతికి చెందిన పదార్థం. దానికి ఒక చివర సిలికాన్ ఉంటుంది. ఆ చివర ఇసుక మీది హైడ్రాక్సిల్ సమూహాలతో బంధం కలుపుకొంటుంది. రెండో చివర అమైనో సమూహం బయటికి చాచి ఉంటుంది. రెండో మధ్యవర్తిగా తరచు వాడేది గ్లూటరాల్డిహైడ్. అయిదు కార్బన్ల గొలుసుకు రెండు చివరలా ఒకే రకం సమూహం ఉన్న అణువు ఇది. ఒక చివరతో సిలేన్ చాచిన అమైనో సమూహాన్ని పట్టుకొంటుంది. రెండో చివరతో ఎంజైము మీద ఉండే అమైనో సమూహాన్ని పట్టుకొంటుంది. ఇసుక, సిలేన్, గ్లూటరాల్డిహైడ్, ఎంజైము: నలుగురూ చేతులు కలిపారు. ఇప్పుడు ఎన్నిసార్లు కడిగినా ఎంజైము సులభంగా ఊడదు.

పలుపు ఎంత పొడవుండాలి?

బిగించడమే గొప్ప అనుకొంటే పొరపాటు. ఎంజైము అణువులో ఒక చిన్న పల్లం ఉంటుంది. పని జరిగేదంతా ఆ పల్లంలోనే. దాన్ని క్రియాశీల స్థానం అంటారు. మనం దాన్ని సరిగ్గా ఆ వైపే ఇసుకకు బిగిస్తే? నోరు గోడకు ఆనించి కట్టేసినట్టే. ఎంజైము ఉంటుంది, పని ఉండదు.

గేదెను గుంజకు కట్టేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చూస్తారు? పలుపు మరీ పొట్టిగా ఉంటే గేదె మూతి కుడితి తొట్టికి అందదు. మరీ పొడుగైతే కాళ్ళకు చుట్టుకొంటుంది. ఇక్కడా అంతే. సిలేన్‌లోని మూడు కార్బన్లు, గ్లూటరాల్డిహైడ్‌లోని అయిదు కార్బన్లు కలిసి ఎంజైమును గోడకు కాస్త దూరంగా, మెసలడానికి వీలుగా నిలుపుతాయి.

ఇంకో నష్టం కూడా ఉంది. కరిగిన ఎంజైము దగ్గరికి ముడి పదార్థం అన్ని వైపుల నుంచీ వస్తుంది. రంధ్రం లోపల కట్టేసిన ఎంజైము దగ్గరికి ఇరుకు సందులో నడిచి రావాలి. అందుచేత కట్టేసిన ఎంజైము తరచుగా విడి ఎంజైము కంటే నెమ్మదిగా పనిచేస్తుంది.

మరి లాభమేమిటి? లెక్క ఇలా వేసి చూద్దాం. విడి ఎంజైము ఒక విడతలో 100 పాళ్ళ పని చేసి నీళ్ళలో పోయిందనుకోండి. కట్టేసినది విడతకు 60 పాళ్ళే చేసినా 50 విడతలు నిలిస్తే మొత్తం 3,000 పాళ్ళు. రోజు కూలిని చూస్తే తక్కువ, ఏడాది లెక్క చూస్తే ఎక్కువ!

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎంజైము వేడికి పాడయ్యేది దాని మడతలు విప్పుకుపోవడం వల్ల. నాలుగైదు చోట్ల బిగించిన అణువుకు అలా విప్పుకుపోవడం కష్టం. అందువల్ల సరిగా బిగించిన ఎంజైములు చాలావరకు విడి ఎంజైముల కంటే వేడికి ఎక్కువగా ఓర్చుకొంటాయి.

గది కొలత, మనిషి కొలత

జోళ్ళ డబ్బాలోని సిలికా జెల్‌ను ఎంజైములకు ఎందుకు వాడరు? అందులోని రంధ్రాలు సుమారు 2 నుంచి 3 నానోమీటర్లే. కొద్ది నానోమీటర్ల ఎంజైముకు ఆ గుమ్మం చాలదు. నాలుగు కబడ్డీ కోర్టులున్నా లోపలికి ప్రవేశం లేదు! రంధ్రాలను పెద్దవి చేస్తే ఎంజైము దూరుతుంది గాని మొత్తం ఉపరితలం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య మేలైన కొలత వెతకాలి.

1992లో మొబిల్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఎం.సి.ఎం.-41 అనే కొత్త రకం సిలికాను ప్రకటించారు. తేనెపట్టు గదుల్లాగా, ఒకే కొలత గల సన్నని గొట్టాలు వరుసగా పేర్చినట్టుంటుంది దాని నిర్మాణం. 1996లో అమెరికాలో డయాజ్, బాల్కస్ అనే ఇద్దరు పరిశోధకులు దాని గొట్టాల్లోకి వేరువేరు మాంసకృత్తులను ఎక్కించి చూశారు. పపేన్, ట్రిప్సిన్ వంటి చిన్నవి బాగా చేరాయి. పెద్దదైన పెరాక్సిడేజ్ అంతగా చేరలేదు. గది కొలత మనిషి కొలతకు సరిపోవాలని దీనితో తేలింది. 1998లో ఇంకా వెడల్పైన, 30 నానోమీటర్ల దాకా గొట్టాలున్న ఎస్.బి.ఎ.-15 అనే సిలికా వచ్చింది. ఇప్పుడు ఎంజైమును కొలిచి, దానికి సరిపోయే గది కట్టుకొనే వీలు కలిగింది.

వనస్పతి కథ

ఇక వంటింటికి వద్దాం. నూనె గది వేడిమి వద్ద ద్రవం. దాన్ని నెయ్యిలా గడ్డకట్టించడానికి నికెల్ ఉత్ప్రేరకం సాయంతో హైడ్రోజన్ ఎక్కించేవారు. వనస్పతి అలా పుట్టిందే. హైడ్రోజన్‌ను సగంలో ఆపితే ట్రాన్స్ కొవ్వులు అనేవి కూడా తయారవుతాయి. ఇవి గుండెకు చేటు చేస్తాయని తేలింది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నూనెల్లో, కొవ్వుల్లో వీటి పరిమితిని 2021 జనవరి నుంచి నూటికి 3 పాళ్ళకు, 2022 జనవరి నుంచి 2 పాళ్ళకు తగ్గించింది.

ట్రాన్స్ కొవ్వు లేకుండా గడ్డకట్టించేదెలా? పూర్తిగా హైడ్రోజన్ ఎక్కిన కొవ్వులో ట్రాన్స్ కొవ్వు మిగలదు గాని అది మైనంలా గట్టిగా ఉంటుంది. దాన్నీ ద్రవ నూనెనూ కలిపి, వాటి అణువుల్లోని కొవ్వు ఆమ్లాలను ఒకదానికొకటి మార్చివేస్తే మెత్తని కొవ్వు వస్తుంది. ఈ మార్పిడి చేసే ఎంజైము లైపేజ్. సిలికా గింజలకు అంటించిన లైపేజ్‌ను గొట్టాల్లో నింపి, సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో నూనెను దాని గుండా పంపుతారు. పైనుంచి ఒక రకం నూనె పోతే కిందినుంచి మరో రకం కొవ్వు వస్తుంది. ఎంజైము మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఈ పద్ధతిని ఫ్యాక్టరీలో అమలుచేసినందుకు రెండు కంపెనీలకు 2005లో అమెరికా ప్రభుత్వం హరిత రసాయన శాస్త్ర పురస్కారం ఇచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. లైపేజ్‌ను ఊరికే అంటిస్తే చాలునా, జారిపోదా? పోదు. ఎంజైము నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. గింజను వదిలి ఎక్కడికి పోతుంది? చుట్టూ నూనె ఉన్నప్పుడు సన్నని దారం చాలు. చుట్టూ నీరు ఉన్నప్పుడే గట్టి పలుపు కావాలి. పద్ధతి గొప్పదా కాదా అన్నది పనిని బట్టి ఉంటుంది.

నీటిలో పనికి ఒక ఉదాహరణ మన కందుల్లోనే ఉంది. కందుల్లో యూరియేజ్ ఉంటుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని తీసి గాజు పూసలకు బిగించారు. రక్తంలో యూరియా ఎంత ఉందో కొలవడానికి అటువంటి పూసలు పనికివస్తాయి. మూత్రపిండాల జబ్బును కనిపెట్టడంలో ఆ కొలత ఎంత ముఖ్యమో డాక్టర్లనడగండి. రక్తం నీటి వంటిది కనుక ఇక్కడ బిగించక తప్పదు.

సిలికాకు లోపం లేదని అనుకోవద్దు. క్షార ద్రావణాల్లో అది మెల్లమెల్లగా కరుగుతుంది. గుంజే కరిగిపోతే పలుపు ఏం చేస్తుంది? అటువంటి చోట్ల వేరే ఆధారాలు వెతుక్కోవాలి.

మీరే చేసి చూడండి

రసాన్ని ఎలా తీయడమని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది: కరిగాక తీయలేం, కరగక ముందే కట్టాలి. కాని ఆమె ప్రయోగంలో మరో ప్రశ్న మిగిలే ఉంది. నాలుగోసారికి నురగ తగ్గింది కదా. ఎంజైము జారిపోయి తగ్గిందా, పెరాక్సైడ్ తాకిడికి పాడై తగ్గిందా? కట్టేసిన ఎంజైములతో పనిచేసేవారు ఎప్పుడూ వేసుకొనే ప్రశ్న ఇదే. దీన్ని మీరు కూడా తేల్చవచ్చు.

మీ ఉపాధ్యాయుని సమక్షంలో ఒకే పరిమాణం గల పచ్చి బంగాళాదుంప ముక్కలతో ప్రయోగం మొదలుపెట్టండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ కళ్ళలో పడకుండా, నోట్లోకి పోకుండా జాగ్రత్త పడండి. ప్రతిసారీ నురగ ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోండి. ముక్కను కడిగిన నీళ్ళు పారబోయకండి! వాటిని వేరే గ్లాసులో పట్టి, కొంచెం కొత్త పెరాక్సైడ్ పోయండి. నురగ వస్తే దొంగ దొరికినట్టే: ఎంజైము ముక్కను వదిలి నీళ్ళలోకి వచ్చింది. నురగ రాకపోతే, అక్కడ జారినది పెద్దగా లేదు. ముక్కలోనే ఏదో పాడవుతోందని అనుమానించవచ్చు.

మా పిల్లలు మొదటిసారి కడిగిన నీళ్ళు పోసి చూసినప్పుడు గ్లాసు నిండా నురగ పొంగింది. అయిదోసారి నీళ్ళలో ఏం జరిగిందో నేను చెప్పను. మీరు కొలిచి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.